విపత్తు తర్వాత విద్యార్థుల చదువు తెగిపోకుండా విభాగం ఏం చేయాలి?

పలకాబలపం (చర్చ మొదలుపెట్టినవారు)

వరద, తుపాను, భూకంపం ఏదైనా కానివ్వండి, క్యాంపస్ మళ్లీ తెరిచిన రోజున విభాగాధిపతి చేతిలో ఉండేది సాధారణంగా ఒక్క సర్క్యులరే: "బాధిత విద్యార్థుల పట్ల ఉదారంగా వ్యవహరించగలరు". ఉదారంగా అంటే ఏమిటో అందులో ఉండదు. ఒక అధ్యాపకుడు గడువు వారం పొడిగిస్తాడు, ఇంకొకరు తహసీల్దారు సంతకం అడుగుతారు, మరొకరు రానివాళ్ల హాజరును మామూలుగానే కోసేస్తారు. ఒకే విద్యార్థికి అయిదు సబ్జెక్టుల్లో అయిదు రకాల నియమాలు.

వేదికలో పరీక్షల విభాగం వాళ్లు, కౌన్సెలర్లు, వార్డెన్లు ఉన్నారు కదా. మొదటి వారం నుంచి సెమిస్టర్ చివరిదాకా పనికొచ్చే వివరాలు చెప్పండి. ఎక్కడ బెడిసికొడుతుందో కూడా రాయండి, అదే ఎక్కువ అవసరం.

వార్డెన్_గది

తరగతుల సంగతి తర్వాత. ముందు పిల్లలు ఎక్కడున్నారో తెలియాలి. మొదటి 72 గంటల్లో పూర్తి నామినల్ రోల్ (విద్యార్థుల పేర్ల జాబితా) ముందు పెట్టుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేయాలి. ఒక మెంటార్‌కు, అంటే బాగోగులు కనుక్కునే అధ్యాపకుడికి, 20 నుంచి 25 మందిని మించి ఇవ్వకండి. అంతకంటే ఎక్కువైతే చివరి పది మందికి కాల్ వెళ్లదు.

"ఏమైనా సాయం కావాలా?" అని అడగొద్దు. దానికి వచ్చే జవాబు ఒకటే: "ఏం వద్దు సార్, బాగానే ఉన్నాం". అది నిజం కాదు, మొహమాటం. అడగాల్సినవి ఇవి:

"ఈ రాత్రి ఎక్కడ పడుకుంటున్నావు? అక్కడ ఎన్నాళ్లు ఉండొచ్చు?"
"ఇంట్లో ఎవరికైనా దెబ్బలు తగిలాయా? రోజూ వేసుకునే మందులు ఎన్ని రోజులకు ఉన్నాయి?"
"ఫోన్ ఛార్జింగ్ ఎక్కడ పెడుతున్నావు? నెట్ రోజుకు ఎంతసేపు ఉంటోంది?"
"పుస్తకాలు, ల్యాప్‌టాప్, సర్టిఫికెట్లలో ఏవి పోయాయి?"
"క్లాసులు మొదలైన రోజున రాగలవా? రాలేకపోతే కారణం దారి లేకనా, డబ్బు లేకనా, ఇంట్లో పని ఉండా?"

చివరి ప్రశ్నను అలా మూడుగా విడదీయడం ముఖ్యం. మూడింటికీ పరిష్కారాలు వేరు. దారి లేనివాడికి గ్రాంట్ ఇచ్చి లాభం లేదు, ఇంట్లో బురద ఎత్తేవాడికి బస్సు పెట్టి లాభం లేదు.

ఫోన్ కలవకపోతే ఎస్సెమ్మెస్ పెట్టండి. నెట్‌వర్క్ మీద ఒత్తిడి ఉన్నప్పుడు కాల్ వెళ్లకపోయినా ఎస్సెమ్మెస్ ఆలస్యంగానైనా చేరుతుంది. మూడు రోజులైనా జాడ తెలియనివాళ్ల పేర్లు రూమ్మేట్లకు, క్లాస్ రిప్రజెంటేటివ్‌కు ఇచ్చి వెతికించాలి. ఈమెయిల్ పంపి "తెలియజేశాం" అని రాసుకోవడం మాత్రం వద్దు.

దూరపుకొండ

ఒక మాట కలుపుతాను. ఈ జాబితా తయారుచేసేటప్పుడు అందరూ క్యాంపస్ చుట్టుపక్కల ఉన్నవాళ్లనే చూస్తారు. క్యాంపస్‌కు ఏమీ కాలేదు, కానీ విద్యార్థి ఊరు మునిగింది, లేదా వేరే దేశంలో ఉన్న ఇల్లు కూలింది. అలాంటివాళ్లు రోజూ క్లాసులోనే కూర్చుని ఉంటారు కాబట్టి ఎవరికీ కనబడరు. అడ్మిషన్ రికార్డుల్లో శాశ్వత చిరునామా పిన్‌కోడ్ ప్రకారం వేరే జాబితా తీయాలి. ఇది పది నిమిషాల పని. ఇంటికి వెళ్లి రావడానికి వాళ్లకు ముందుగానే సెలవు మంజూరు చేయండి. పరిశోధక విద్యార్థులు, పార్ట్‌టైమ్ వాళ్లు, ఇంటర్న్‌షిప్‌లో బయట ఉన్నవాళ్లు కూడా ఇలాగే జారిపోతారు.

పరీక్షల_బల్ల

నా వంతు: రుజువులు, గడువులు, మార్కులు.

రుజువు అడగొద్దు. ఇల్లు మునిగినవాడు ఆ వారం తహసీల్దారు ఆఫీసు ముందు నిలబడాలా, పుస్తకం ముందు కూర్చోవాలా? ముంపు ప్రాంతం ఏదో ప్రభుత్వమే ప్రకటిస్తుంది. ఆ ప్రాంతంలో చిరునామా ఉన్న ప్రతి విద్యార్థికీ అడగకుండానే వెసులుబాటు వర్తింపజేయాలి. జాబితాలో లేనివాళ్లకు ఒక పేజీ ఫారం చాలు: పేరు, హాల్‌టికెట్ నంబరు, ఏం జరిగిందో మూడు పంక్తులు, సంతకం. ఒక్క చోట ఇస్తే అయిదు సబ్జెక్టులకూ అదే చెల్లాలి. అయిదుగురు అధ్యాపకులకు అయిదుసార్లు తన కష్టం చెప్పుకోవాల్సి వస్తే మూడోవారి దగ్గరికి వెళ్లకుండానే మానేస్తాడు. వెసులుబాటు లేక కాదు, అడగలేక ఆగిపోతారు.

ఇక గడువులు. అందరూ చేసే పొరపాటు, అన్నిటినీ వెనక్కి జరపడం. లెక్క చూడండి. అయిదు సబ్జెక్టులు, మూడు వారాల్లో ఒక్కోదానికి రెండేసి అసైన్‌మెంట్లు పోయాయనుకుందాం. మొత్తం 10. తర్వాతి మూడు వారాలకు మామూలుగా ఉన్నవి ఇంకో 10. పాతవన్నీ అక్కడికి జరిపితే 21 రోజుల్లో 20 పనులు. ఇల్లు బాగున్నవాడికే అది సాధ్యం కాదు. కాబట్టి జరపడం కంటే తగ్గించడం మేలు.

ఏది తగ్గించాలో ఇలా తేల్చండి. కోర్సు లక్ష్యాలు ఒక పక్క, మూల్యాంకనాలు ఇంకో పక్క రాసి గీతలతో కలపండి. ఒక లక్ష్యానికి మూడు మూల్యాంకనాలు ఉంటే రెండు తీసేయొచ్చు. ఒకే ఒక్కటి ఉంటే అది ఉండాలి. తీసేసిన దాని వెయిటేజీని మిగిలినవాటికి పంచండి, కానీ మొత్తం చివరి పరీక్ష మీద వేయకండి. అలా చేస్తే ఏడాది బతుకు మూడు గంటల మీద ఆధారపడుతుంది, అది కూడా నిద్ర సరిగా లేని మనిషికి.

ల్యాబ్ పోయినచోట పాత బ్యాచ్ రీడింగులిచ్చి విశ్లేషణ రాయించవచ్చు. నర్సింగ్, ఫార్మసీ లాంటివాటిలో నియంత్రణ మండలి విధించిన క్లినికల్ (ఆసుపత్రి శిక్షణ) గంటలను మాత్రం విభాగం సొంతంగా తగ్గించలేదు. వాటికి తేదీలు మార్చడమే మార్గం. ఆ లేఖ మొదటి వారంలోనే మండలికి వెళ్లాలి.

గీటురాయి

పరీక్షల బల్ల గారూ, ఇన్ని తీసేస్తే ప్రమాణాలు పడిపోవా? రేపు ఉద్యోగమిచ్చేవాళ్లు ఆ బ్యాచ్‌ను వేరుగా చూస్తే నష్టపోయేది పిల్లలే కదండీ.

పరీక్షల_బల్ల

న్యాయమైన ప్రశ్న. అందుకే లక్ష్యాలను ముట్టుకోవద్దన్నాను. ఒకే నైపుణ్యాన్ని మూడుసార్లు కొలవాల్సినచోట ఒకసారి కొలుస్తున్నాం, అంతే. ప్రమాణం నిజంగా పడిపోయేది హాజరు కలిపేసి, అందరికీ సగటు మార్కులు వేసి పంపినప్పుడు. తర్వాతి సెమిస్టర్‌కు పునాదిగా ఉండే పాఠం ఎగిరిపోతే ఆ లోటు అప్పుడు బయటపడుతుంది. ఆ పాఠాలేవో రాసిపెట్టి, తర్వాతి సెమిస్టర్ మొదట్లో నాలుగైదు గంటలు వాటికి కేటాయించాలి. ఆ కాగితం తర్వాతి అధ్యాపకుడి చేతికి అందాలి. చాలాచోట్ల అందదు.

ఉత్తీర్ణత మాత్రమే నమోదు చేసే పద్ధతి పెడితే, విద్యార్థి తన గ్రేడు చూసుకున్నాక ఎంచుకునే వీలుండాలి. ముందే ఎంచుకోమంటే భయంతో తప్పు ఎంచుకుంటారు. ఎంచుకునే ముందు స్కాలర్‌షిప్ షరతులు, పై చదువులకు కావాల్సిన కనీస గ్రేడు ఒకసారి చూసుకోమని అదే ఫారం మీద రాయండి. మార్కుల జాబితా మీద ఒక్క విద్యార్థికి "విపత్తు బాధితుడు" అని ముద్ర వేయకండి. వివరణ రాయాల్సి వస్తే ఆ సెమిస్టర్‌లో చదివిన అందరి జాబితాల మీదా ఒకే వాక్యం ఉండాలి.

శనివారపుపాఠం

పోయిన గంటలను శనివారాల్లో పూడ్చాలని ప్రతిచోటా మొదట అనుకుంటారు. వారానికి నాలుగు గంటల చొప్పున అయిదు సబ్జెక్టులు, మూడు వారాలు: 60 గంటలు. శనివారానికి ఆరు గంటలు వేస్తే పది శనివారాలు. బాధిత విద్యార్థికి ఇల్లు కడుక్కోవడానికి, నష్టపరిహారం క్యూలో నిలబడడానికి ఉన్నది ఆ ఒక్క రోజే. అలా పెట్టిన క్లాసుకు నష్టం జరగనివాళ్లు వస్తారు, జరిగినవాళ్లు ఇంకా వెనకబడతారు. దానికి బదులు రోజూ ఒక గంట సందేహాల కోసం గది తెరిచి ఉంచండి. పాఠాలను ఆడియోగా రికార్డు చేసి చిన్న ఫైళ్లుగా ఇవ్వండి. వీడియో నెట్ తక్కువగా ఉన్నచోట దిగదు.

మెల్లగామాట్లాడు

కౌన్సెలింగ్ వైపు నుంచి కొన్ని.

మొదటి నెలలో నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడడం, చదివింది తలకెక్కకపోవడం చాలామందిలో ఉంటాయి. అవి జబ్బు కాదు. పీటీఎస్‌డీ (భయానక అనుభవం తర్వాత మిగిలిపోయే మానసిక రుగ్మత) నిర్ధారణకు లక్షణాలు నెల దాటి కొనసాగాలన్నది నియమం. అందుకే రెండో వారంలోనే అందరిచేతా ప్రశ్నావళి నింపించి "ట్రామా ఉంది" అని చెప్పేయడం తప్పు.

అంతకంటే పెద్ద తప్పు, క్లాసు మొత్తాన్ని గుండ్రంగా కూర్చోబెట్టి "ఎవరికేం జరిగిందో చెప్పండి" అనడం. మంచి మనసుతోనే చేస్తారు. కానీ అలాంటి ఒక్క విడత డీబ్రీఫింగ్ పీటీఎస్‌డీని ఆపదని, కొందరికి హాని చేయవచ్చని పరిశోధనలు తేల్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దంటుంది. దాని బదులు 2011లో ఆ సంస్థ, భాగస్వాములు కలిసి తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిలో మూడే మెట్లున్నాయి: చూడడం, వినడం, కలపడం. ఎవరికి తక్షణ అవసరం ఉందో చూడాలి. చెప్పదలిస్తేనే వినాలి, తవ్వకూడదు. అన్నం, పడక, మందు, కుటుంబం, కౌన్సెలర్, ఏది కావాలో దానితో కలపాలి. అధ్యాపకులకు ఇది ఒక పూటలో నేర్పించవచ్చు.

మాట ఎలా ఉండాలో ఒక ఉదాహరణ. విద్యార్థి మీ గదికి వచ్చి "సార్, రికార్డు తడిసిపోయింది" అన్నాడు. ఆ వాక్యం వెనక ఇల్లంతా ఉండొచ్చు. "పర్లేదు, ప్రాణాలు దక్కాయి కదా" అనకండి, మాట అక్కడితో ఆగిపోతుంది. "కూర్చో. రికార్డు సంగతి నేను చూసుకుంటాను, మళ్లీ రాయనక్కర్లేదు. ఇంట్లో ఎలా ఉంది?" అనండి. ముందు ఒక బరువు దించి, తర్వాత అడగాలి. అతను చెప్పకపోతే, "సరే, గురువారం పదకొండింటికి నేనిక్కడే ఉంటాను" అని ఒక సమయం చెప్పి పంపండి. "ఎప్పుడైనా రా" అంటే రాడు.

క్లాసులో: భూకంపం తర్వాత ప్రకంపనలు వస్తూనే ఉంటాయి కాబట్టి తలుపు దగ్గర సీట్లు అడిగినవాళ్లకు ఇవ్వండి, అడక్కుండా బయటికి వెళ్లనివ్వండి. మొదటి గంటలోనే బయటికి దారి చూపించండి. ఏకాగ్రత తక్కువ కాబట్టి పాఠాన్ని ఇరవై నిమిషాల ముక్కలు చేయండి. ఇంటిపని నోటితో చెప్పకండి, రాసివ్వండి.

చచ్చిపోవాలనిపిస్తోందనడం, రోజుల తరబడి తిండీ నిద్రా లేకపోవడం, తాగుడు పెరగడం కనిపిస్తే నంబరు ఇచ్చి పంపొద్దు. ఆ రోజే వెంటబెట్టుకుని కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

సిరామరక

సర్టిఫికెట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. సర్టిఫికెట్ తడిస్తే భవిష్యత్తే పోయినట్టు కుమిలిపోయేవాళ్లుంటారు. నిజానికి చాలావరకు కాపాడుకోవచ్చు, కానీ గడియారం నడుస్తుంటుంది. తడిసిన కాగితానికి 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలవుతుంది.

ముట్టుకోకముందే ఫోన్‌తో ఫొటో తీయండి. సీరియల్ నంబరు, హాల్‌టికెట్ నంబరు, సంవత్సరం కనిపిస్తే డూప్లికేట్‌కు దారి సులువవుతుంది. అంటుకున్న కాగితాలను లాగొద్దు. కట్టను అలాగే ఎత్తి, అడుగున గట్టి ప్లాస్టిక్ షీటు పెట్టి మోయండి. తడి కాగితం తన బరువుకే చిరుగుతుంది. బురద ఉంటే పళ్లెంలో శుభ్రమైన చల్లని నీళ్లు పోసి మెల్లగా ఆడించండి, రుద్దకూడదు. ఫౌంటెన్ పెన్ను రాత, ఇంక్‌జెట్ ప్రింటు ఉన్నవాటిని మాత్రం నీళ్లలో పెట్టొద్దు, సిరా కారిపోతుంది.

తర్వాత బ్లాటింగ్ పేపరు, లేదా అచ్చులేని తెల్ల కాగితం మధ్యలో పెట్టి నీడలో ఆరబెట్టాలి. తడిసినప్పుడల్లా ఆ కాగితం మార్చాలి. ఫ్యాన్ గదిలో తిరగాలి గానీ గాలి నేరుగా కాగితం మీద కొట్టకూడదు. ఎండ, ఇస్త్రీపెట్టె, హెయిర్ డ్రైయర్ వద్దు. 48 గంటల్లో ఆరబెట్టే వీలు లేకపోతే వెన్న కాగితంలో విడివిడిగా చుట్టి, కవరులో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. గడ్డకట్టాక బూజు పెరగదు, తీరిగ్గా ఒక్కొక్కటీ ఆరబెట్టుకోవచ్చు. లామినేట్ చేసినవాటిలో అంచుల నుంచి నీళ్లు దూరితే పొర ఊడబెరకకండి, అచ్చు దాంతోపాటే వచ్చేస్తుంది.

ల్యాప్‌టాప్ పనిచేస్తోందా అని స్విచ్ వేసి చూడడమే దాన్ని చంపేది. ఛార్జర్ పెట్టొద్దు, బ్యాటరీ ఊడదీయగలిగితే తీయండి. బియ్యంలో పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. థీసిస్ అందులోనే ఉంటే ఒక ముఖ్యమైన సంగతి: మునిగిన హార్డ్ డిస్క్‌ను ఆరబెట్టొద్దు. ఆరితే బురద లోపలి పళ్లేల మీద గట్టిపడుతుంది. తడిగానే బిగుతు కవరులో పెట్టి డేటా రికవరీ చేసేవాళ్లకు ఇవ్వాలి. ఉబ్బిన బ్యాటరీ ఉంటే గదిలో ఉంచకండి.

పలకాబలపం

సిరామరక గారూ, ఇది విడిగా అచ్చువేసి ప్రతి హాస్టల్ బోర్డు మీద అంటించాల్సిన సమాచారం. ధన్యవాదాలు. డబ్బు సంగతి ఎవరైనా చెబుతారా?

చిల్లరపద్దు

అత్యవసర గ్రాంట్ చిన్నదైనా పర్వాలేదు, తొందరగా అందాలి. దరఖాస్తు అందిన 48 గంటల్లో ఖాతాలో పడాలి. బిల్లులు పెట్టాక ఇస్తామనే పద్ధతి పనికిరాదు, చేతిలో డబ్బుంటే అతను దరఖాస్తు పెట్టడు కదా. రెండే ప్రశ్నలు: ఏం పోయింది, చదువు కొనసాగడానికి ముందుగా ఏది కావాలి. అప్పుగా ఇవ్వొద్దు. ఫీజు బకాయి ఉన్నవాళ్ల గ్రాంట్‌ను బకాయికి జమ చేసుకోకుండా ముందే ఉత్తర్వు ఉండాలి, లేకపోతే సాఫ్ట్‌వేర్ తనంతట తానే మినహాయించేస్తుంది. హాల్‌టికెట్‌కూ ఫీజుకూ ఉన్న లంకెను ఆ సెమిస్టర్‌కు తెంచాలి.

స్కాలర్‌షిప్ ఇచ్చే సంస్థలకు హాజరు, క్రెడిట్ల షరతులుంటాయి. సడలించమని రాసే పని విద్యార్థిది కాదు. రిజిస్ట్రార్ సంతకంతో, పేర్ల జాబితా జతచేసి, విశ్వవిద్యాలయమే రాయాలి.

పాతదినపత్రిక

పెద్ద విపత్తుల్లో ఏం చేశారో రెండు ఉదాహరణలు.

2005 ఆగస్టు 29న కత్రినా తుపాను వచ్చినప్పుడు అమెరికాలో న్యూ ఆర్లీన్స్‌లోని టులేన్ విశ్వవిద్యాలయం ఆ సెమిస్టర్ మొత్తం మూతపడింది. 2006 జనవరిలో తెరిచారు. మధ్యలో విద్యార్థులు వేరే విశ్వవిద్యాలయాల్లో అతిథి విద్యార్థులుగా చదివారు. అతిథి అన్న మాటే ఇక్కడ కీలకం. టీసీ తీసుకుని మారితే మళ్లీ రారు. పేరు సొంత విశ్వవిద్యాలయంలోనే ఉండి, క్రెడిట్లు వెనక్కి వస్తే వస్తారు. ఇలాంటి ఒప్పందాలు విపత్తు రాకముందే రాసుకోవాలి: ఏ కోర్సుకు ఏ కోర్సు సమానం, ఫీజు ఎవరు తీసుకుంటారు, రికార్డుల నకలు దూరంగా ఏ సర్వర్‌లో ఉంది.

న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో 2011 ఫిబ్రవరి 22 భూకంపంలో 185 మంది పోయారు. భవనాలు తనిఖీ అయ్యేదాకా అక్కడి కాంటర్‌బరీ విశ్వవిద్యాలయం గుడారాల్లో పాఠాలు నడిపింది. గుడారంలోనైనా సరే, అందరూ ఒకచోట కలవడం చదువుకు ఊతమిచ్చింది. అంతకుముందు 2010 సెప్టెంబరు భూకంపం తర్వాత అక్కడి విద్యార్థి శామ్ జాన్సన్ ఫేస్‌బుక్ ద్వారా మొదలుపెట్టిన స్వచ్ఛంద విద్యార్థి దళం వీధుల్లో పేరుకున్న బురద ఎత్తింది. ఆ సేవకు చదువును జోడించి విశ్వవిద్యాలయం తర్వాత ఒక క్రెడిట్ కోర్సు కూడా పెట్టింది.

గీటురాయి

స్వచ్ఛంద సేవ మంచిదే. కానీ ఇల్లు పోయిన విద్యార్థిని కూడా పార పట్టమంటే ఎలా?

వార్డెన్_గది

పట్టమనకూడదు. వస్తానంటే ఆపకూడదు. ఏదో ఒక పని చేతిలో ఉండడం కొందరికి బలం. విడతకు నాలుగు గంటలు మించకుండా, గ్లౌజులు, బూట్లు, ధనుర్వాతం టీకా చూసుకుని పంపాలి. వరద బురదలో మురుగు కలిసి ఉంటుంది, చిన్న గీత పడినా చీము పడుతుంది. రెండు వారాలు దాటాక కూడా ఒకరు రోజూ అక్కడే ఉంటూ క్లాసుకు రాకపోతే, అది సేవ ఒక్కటే కాదు, పుస్తకం తెరవలేకపోవడం కూడా. మెంటార్ మాట్లాడాలి.

మెల్లగామాట్లాడు

ఆ "రెండు వారాలు దాటాక" అన్నదాని గురించే చెప్పాలనుకున్నాను. మొదటి నెలలో అందరూ ఆదుకుంటారు. ఆరో వారం నుంచి పదో వారం మధ్య సాయం ఆగిపోతుంది, గడువులు తిరిగొస్తాయి, పరిహారం మాత్రం రాదు. కొందరు అప్పుడే మానేస్తారు. కత్రినాకు ముందునుంచే కమ్యూనిటీ కాలేజీ విద్యార్థుల వివరాలు సేకరిస్తున్న ఒక దీర్ఘకాల అధ్యయనం అదృష్టవశాత్తూ ఉంది. అందులోని వాళ్లు ఎక్కువగా తక్కువ ఆదాయం ఉన్న తల్లులు. సుమారు నాలుగేళ్ల తర్వాత కూడా వాళ్లలో దాదాపు మూడో వంతుకు ఆ విపత్తు తాలూకు ఒత్తిడి లక్షణాలు మిగిలే ఉన్నాయి. ఒక సెమిస్టర్ వెసులుబాటుతో తీరిపోయేది కాదిది.

ఆరో వారంలో రెండో విడత కాల్స్ పెట్టండి, అవే అయిదు ప్రశ్నలు. వరసగా ఏడు రోజులు పోర్టల్ తెరవనివాళ్లు, రెండు అసైన్‌మెంట్లు ఇవ్వనివాళ్లు ఎవరో ప్రతి సోమవారం జాబితా తీసి మెంటార్‌కు ఇవ్వండి. విపత్తు జరిగి ఏడాది నిండే రోజు, మళ్లీ గట్టి వాన కురిసిన రోజు పరీక్ష పెట్టకండి.

శనివారపుపాఠం

అధ్యాపకుల ఇళ్లూ మునుగుతాయి. ప్రతి కోర్సుకూ రెండో మనిషి పేరు రాసి ఉండాలి, ప్రశ్నపత్రం, మార్కుల పుస్తకం ఆ మనిషికి అందుబాటులో ఉండాలి.

పలకాబలపం

ఒక చివరి సందేహం. మెంటార్ సెమిస్టర్ మధ్యలో బదిలీ అయితే, కాల్స్‌లో తెలిసినవి రాసుకున్న ఆ 25 మంది పట్టిక ఏమవుతుంది? ఇంట్లో సంగతులు రాసి ఉంటాయి కదా, అందరికీ కనబడడం మంచిది కాదు.

పరీక్షల_బల్ల

పట్టిక రెండు భాగాలుగా పెట్టండి. వెసులుబాటు భాగంలో పేరు, ఏ సబ్జెక్టులో ఏం సడలించారు, ఏ తేదీదాకా అన్నవే ఉంటాయి. అది పరీక్షల విభాగం దగ్గర ఉంటుంది. ఇంటి సంగతుల భాగం మెంటార్ దగ్గరే. బదిలీ అయినప్పుడు విద్యార్థిని అడిగి, ఒప్పుకుంటేనే కొత్త మెంటార్‌కు ఇవ్వాలి, వీలైతే ముగ్గురూ పది నిమిషాలు కూర్చుని. ఒప్పుకోకపోతే మొదటి భాగం ఒక్కటే చాలు, గడువులు దాంతోనే నడుస్తాయి. ఇన్‌కంప్లీట్ గ్రేడు (పని మిగిలి ఉందని తాత్కాలికంగా వేసేది) ఉన్నవాళ్ల పేర్లను మాత్రం తర్వాతి సెమిస్టర్ రిజిస్ట్రేషన్ తెరిచే ముందు ఒకసారి చూడండి. ఆ గడువు దాటితే చాలా వ్యవస్థల్లో అది తనంతట తానే ఫెయిల్‌గా మారిపోతుంది.